సన్‌మైకా గట్టు మీద పెనం మచ్చ: నా అనుభవం

నిరుడు అట్లతద్ది సాయంత్రం మా వంటింట్లో ఒక మచ్చ పడింది. దాన్ని పోగొట్టడానికి నేను పడ్డ పాట్లు, చేసిన తప్పులు, చివరికి ఎలా బాగుచేయించానో అన్నీ వివరంగా రాస్తున్నాను. మచ్చ పడిన మర్నాడు ఇలాంటిది ఒకటి తెలుగులో చదవడానికి దొరికి ఉంటే సగం నష్టం తప్పేది.

మేం విజయవాడ భవానీపురంలో రెండో అంతస్తులో అద్దెకి ఉంటున్నాం. ఇక్కడ చాలా ఇళ్ళలో లాగే మాకూ స్టవ్ పెట్టిన గట్టు నల్ల గ్రానైటే. కానీ దానికి ఎడమ పక్కన, ఫ్రిజ్ దాకా, ఓనరు గారు తర్వాత ఒక నాలుగడుగుల గట్టు చేయించారు. అది ప్లైవుడ్ మీద సన్‌మైకా అతికించినది. లేత గోధుమ రంగు, సన్నటి చెక్క గీతలు, చేత్తో తడిమితే మెత్తగా ఉండే మ్యాట్ ఫినిష్. కూరలు తరుక్కోవడం, చపాతీలు ఒత్తడం, మిక్సీ వేయడం అన్నీ అక్కడే. కుక్కర్ దించి పెట్టడం కూడా అక్కడే. మూడేళ్ళుగా కుక్కర్ పెడుతున్నా ఒక్క గీత పడలేదు. అందుకే ఆ గట్టు దేనికైనా తట్టుకుంటుందని నమ్మాను.

ఆ రోజు అమ్మ తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చింది. వాయనానికి పదకొండు అట్లు, అమ్మవారి నైవేద్యానికి పదకొండు, ఆపైన ఇంట్లో వాళ్ళకి, కింద పోర్షన్ పిల్లలకి. చందమామ వచ్చే లోపల అన్నీ అయిపోవాలి. ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద అమ్మ తెచ్చిన ఇనప పెనం. గంటకు పైగా దింపకుండా అట్లు పోస్తూనే ఉన్నాం. నీళ్ళు చిలకరిస్తే చుక్కలు ఇగిరిపోకుండా ముత్యాల్లా దొర్లుతున్నాయి. పెనం అంత కాగింది.

మధ్యలో పాపకి పాలు కాచాల్సి వచ్చింది. గ్రానైటు మీద పిండి గిన్నె, నూనె గిన్నె, అట్ల పళ్ళెం, చోటు లేదు. పట్టకారుతో పెనం ఎత్తి ఎడమ పక్క గట్టు మీద పెట్టాను. పాలు పొంగే దాకా, ఒక్క నిమిషం.

ముందు వాసన వచ్చింది. నేను అట్టు ముక్క ఏదో పొయ్యిలో పడి మాడిందనుకున్నాను. అమ్మే పట్టేసింది. “ఇది పిండి కమురు కాదే, కళ్ళు మండుతున్నాయి చూడు” అంది. పెనం ఎత్తి చూస్తే కింద గుండ్రంగా మచ్చ. నడి మధ్యలో ముదురు గోధుమ రంగులో కాలి, బొబ్బలా చిన్నగా ఉబ్బింది. దాని చుట్టూ పసుపచ్చటి వలయం. మొత్తం కలిపి టీ సాసరంత. పెనం అడుగు కాస్త గుండ్రం కాబట్టి మధ్యలో ఆనిన చోటే ఎక్కువ కాలింది. కంగారులో చెంబుడు నీళ్ళు తెచ్చి దాని మీద పోసేశాను. అది మొదటి తప్పని తర్వాత తెలిసింది.

పూజ, వాయనం, అట్లు అన్నీ సక్రమంగానే జరిగాయి. నా మనసు మాత్రం ఆ గట్టు మీదే ఉంది. మా వారు “ఒక మచ్చకి ఇంత టెన్షన్ ఎందుకు” అన్నారు గానీ, అద్దె ఇల్లు, పైగా ఓనరు ఆంటీ ఇష్టపడి చేయించుకున్న గట్టు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో అన్న లెక్క కన్నా, ఆవిడకి ఏం మొహం పెట్టుకుని చెప్పాలన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ పట్టుకుని చిట్కాలు వెతికాను. వంటసోడా, నిమ్మకాయ, టూత్‌పేస్టు, వెనిగర్, నెయిల్ పాలిష్ రిమూవర్, ఇస్త్రీ పెట్టె. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. నేను వంటసోడాతో మొదలుపెట్టాను. రెండు చెంచాల సోడాలో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, దోసెపిండి కన్నా గట్టిగా చేసి, మచ్చంతా రాసి పావుగంట ఉంచాను. మెత్తటి గుడ్డతో తుడిచాను. పసుపు వలయం నిజంగానే చిన్నదైంది! ఆశ పుట్టింది. మళ్ళీ రాశాను, ఇంకొంచెం పోయింది. మూడోసారి ఏమీ మారలేదు.

ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు. ఆ వలయంలో సగం భాగం అసలు కాలిన మచ్చే కాదు. పెనం అడుగున పేరుకున్న నూనె జిడ్డు, మసి వేడికి కరిగి గట్టుకి అంటుకుంది. సోడా దాన్ని వదిలించింది. మిగిలినది మాత్రం పైన అంటుకున్న మురికి కాదు, ఆ పొరే రంగు మారింది. ఆ తేడా తెలుసుకోవడమే ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. గోరుతో అంచు మీద నెమ్మదిగా గీకి చూడండి. గోటికి జిడ్డు వస్తే, లేదా తడిగుడ్డకి రంగు అంటితే అది శుభ్రమయ్యే మచ్చ. గోరు నున్నగా జారిపోయి మచ్చ అలాగే ఉంటే, అక్కడితో చెయ్యి ఆపేయాలి.

నేను ఆపలేదు. స్టీలు పీచు తీసుకున్నాను. అది చాలదన్నట్టు, మా వారి పనిముట్ల డబ్బాలో ఉన్న ఉప్పుకాగితం ముక్క తీసి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. గోధుమ రంగు పలచబడుతోందని సంతోషపడ్డాను. ఇంకా రుద్దాను. ఒక్కసారిగా చెక్క గీతలు మాయమై, లోపలి నుంచి ముదురు రంగు కాగితం లాంటిది బయటపడింది. నేను మచ్చని అరగదీస్తున్నాననుకున్నాను, అరిగింది డిజైను. దాని చుట్టూ బాగున్న చోట కూడా గీతలు పడి, వెలుతురు పడితే గచ్చులా తెల్లగా కనిపించసాగింది. సాసరంత మచ్చ పళ్ళెమంత అయింది.

అప్పుడు కూడా నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా తీశాను. పక్క పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. “అది చటుక్కున అంటుకునే సరుకు తల్లీ, మంట పక్కన మూత తీస్తావా?” అంది. అందులో ఉండే అసిటోన్ ఆవిరి కాస్త దూరంలో ఉన్న మంటని కూడా అందుకుంటుంది. ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే నేను చూసిన చిట్కాల్లో స్టవ్ ఆపమని ఒక్కరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే మా వీధిలో పనిచేసే వడ్రంగి మేస్త్రీ గారిని పిలిచాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. వచ్చి మచ్చ వైపు చూడలేదు, ముందు గట్టు అంచు దగ్గర వంగి చూశారు. ఆ తర్వాత వేలి కణుపుతో మచ్చ చుట్టూ కొడుతూ చెవి పెట్టి విన్నారు. బాగున్న చోట టక్ టక్‌మని గట్టిగా పలికింది. మచ్చ మీద, దానికి రెండంగుళాల అవతల దాకా, డొల్లగా పలికింది.

“లోపల బంక వదిలేసిందమ్మా. నీళ్ళేమైనా పోశారా?” అని అడిగారు.

పోశానని చెప్పాను. బొబ్బ మీద సన్నటి పగులు చూపించారు. అందులోంచి నీళ్ళు దిగితే కింద ప్లైవుడ్ తాగేస్తుందట. వేడి వస్తువు తీసేశాక గట్టుని దానంతట అదే చల్లారనివ్వాలి, పొడి గుడ్డతో తుడవాలి, అంతే. “బుడమేరు వరదలప్పుడు చూశాను కదమ్మా, సింగ్‌నగర్‌లో ఎన్ని కిచెన్లు పీకి బయట పడేశానో. పైన మైకా చెక్కు చెదర్లేదు, కింద చెక్క మాత్రం అటుకుల్లా ఉబ్బిపోయింది” అన్నారు. 2024 సెప్టెంబరు వరదలు గుర్తొస్తే మాకు ఇప్పటికీ గుండె జారుతుంది. ఆ మాటతో నీళ్ళ సంగతి నా తలకెక్కింది.

ఆయన సంచిలోంచి ఒక మైకా ముక్క తీసి, విరిచి, పగిలిన అంచు చూపించారు. పైన వెంట్రుకంత రంగు గీత. దాని కింద అంతా ముదురు గోధుమ రంగు. “ఇదంతా కాగితమేనమ్మా” అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత కుదురుగా కూర్చుని చదివితే విషయం అర్థమైంది. అడుగున గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితాలు కొన్ని, ఫినాల్ రెసిన్ అనే జిగురు లాంటి పదార్థంలో తడిపినవి. వాటి మీద డిజైను అచ్చువేసిన ఒకే ఒక్క కాగితం, మెలమైన్ రెసిన్‌లో తడిపినది. వాటన్నిటినీ పేర్చి, 120 డిగ్రీలకు పైన వేడిలో, చదరపు సెంటీమీటరుకు 50 కిలోలకు మించిన ఒత్తిడితో నొక్కితే ఒకే పలక అయిపోతాయి. మనకి దొరికే షీటు మందం సాధారణంగా 1 మిల్లీమీటరు. అందులో డిజైను కాగితం వాటా ఎంతని? నేను ఉప్పుకాగితంతో రుద్దింది ఆ ఒక్క కాగితాన్ని.

మనం మైకా అంటాం గానీ అందులో అభ్రకం, అంటే అసలు మైకా ఖనిజం, పిసరు కూడా లేదు. గూడూరు గనుల్లో దొరికే అసలు మైకాని ఒకప్పుడు కరెంటు సామాన్లలో వాడేవారు. 1912-13లో అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు దానికి బదులుగా ఈ రెసిన్ పలక తయారుచేసి, మైకాకి బదులు అనే అర్థం వచ్చేలా ఫార్మైకా అని పేరు పెట్టారు. ఆ పేరులోని మైకాయే మన సన్‌మైకా దాకా వచ్చింది. రాయి పేరుంది కాబట్టి రాయిలా తట్టుకుంటుందని నాలాంటి వాళ్ళం అనుకోవడంలో వింత లేదు.

“కరిగించి మళ్ళీ సాపు చేయలేమా మేస్త్రీ గారూ?” అని అడిగాను. ఇస్త్రీ పెట్టె చిట్కా నా మనసులో ఉంది.

“కాలిన అట్టుని మళ్ళీ పిండి చేస్తారామ్మా?” అన్నారు.

అది అక్షరాలా నిజం. ప్లాస్టిక్ బకెట్ లాంటివి వేడికి కరుగుతాయి, చల్లారితే గట్టిపడతాయి. మెలమైన్ రెసిన్ అలా కాదు. ఒకసారి వేడికి గట్టిపడ్డాక ఇక కరగదు. ఎక్కువ వేడి తగిలితే ముందు పచ్చబడుతుంది, తర్వాత బొబ్బలెక్కుతుంది, ఆపైన మాడిపోతుంది. మాడేటప్పుడు వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు ఘాటుకే ఆ సాయంత్రం మా కళ్ళు మండాయి. కాబట్టి కాలిన మచ్చని ‘తీసే’ మందు ఏదీ లేదు.

మరి మూడేళ్ళుగా కుక్కర్‌కి ఏమీ కానిది, పెనానికి నిమిషంలో ఎందుకైంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. జవాబు వేడి లెక్కలో ఉంది. కుక్కర్ లోపల నీళ్ళు, ఆవిరి ఉంటాయి, అవి 120 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. మంచి మైకా షీట్లకి చేసే పొడి వేడి పరీక్ష 160 డిగ్రీల దగ్గర. కుక్కర్ ఆ గీత లోపలే ఉంది. ఖాళీ ఇనప పెనం అలా కాదు. దాన్ని ఆపే నీళ్ళు లేవు. నీటి చుక్క ముత్యంలా దొర్లుతోందంటే దాదాపు 200 డిగ్రీలకి చేరినట్టే. పైగా ఇనుము బరువు, పట్టిన వేడిని తొందరగా వదలదు. గారెలు వేసిన నూనె మూకుడు కూడా అంతే, నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే నీళ్ళున్న గిన్నె ఒక రకం, నూనె మూకుడూ పెనమూ ఇంకో రకం. కుక్కర్‌కి కూడా కింద ఏదైనా వేయడమే మంచిది. రోజూ వేడి తగులుతూ ఉంటే పైన ఏమీ కనిపించకపోయినా కింద బంక మెత్తబడుతుంది.

ఆ బంక సంగతి ఒకటి చెప్పాలి. డొల్లగా పలికిన చోటు రెండంగుళాల అవతల దాకా ఉందన్నాను కదా. అక్కడ మైకా కాలలేదు, లేచిందంతే. దానికి ఇస్త్రీ పెట్టె పనికొస్తుంది. మేస్త్రీ గారు నూలు గుడ్డ నాలుగు మడతలు వేసి, ఇస్త్రీ పెట్టెని తక్కువ వేడిలో పెట్టి, దాని మీద కాసేపు ఆనించి తీస్తూ, మళ్ళీ ఆనిస్తూ, మైకా చేతికి వెచ్చగా తగిలేదాకా చేశారు. వేడికి లోపలి రబ్బరు బంక మళ్ళీ జిగురెక్కుతుంది. వెంటనే చెక్క ముక్కతో గట్టిగా ఒత్తి, దాని మీద మా రుబ్బురోలు పొత్రం, బియ్యం డబ్బా పెట్టి రాత్రంతా ఉంచమన్నారు. పొద్దున్నకి చుట్టూ అంతా అతుక్కుంది. మధ్యలో కాలిన అరచేతి మేర మాత్రం అతకలేదు. మీ గట్టు మీద కాలకుండా ఊరికే బుడగలా లేచిన చోటుంటే ఈ పద్ధతి తప్పకుండా చేసి చూడండి. గుడ్డ లేకుండా మాత్రం ఇస్త్రీ పెట్టె ఆనించకండి.

ఇక ఓనరు గారికి చెప్పడం. అమ్మ ఊరికి వెళ్ళేలోపలే చెప్పేయమంది. కింద ఇంట్లోనే ఉంటారు, ఆంటీని పైకి తీసుకొచ్చి చూపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఎవరికీ చెయ్యి కాలలేదు కదమ్మా?” అన్నారు. బాగుచేయించే ఖర్చు మేమే పెట్టుకుంటామని, ఎలా చేయించాలో మీరే చెప్పండని అన్నాను. ఆవిడకి ఒకే షరతు. అతుకు వేసినట్టు అసహ్యంగా ఉండకూడదు.

మేస్త్రీ గారు మూడు దారులు చెప్పారు. కాలిన చోట గోకి, రంగు కలిపిన పుట్టీ నింపి సాపు చేయడం అన్నిటికన్నా చవక. సిగరెట్ మచ్చంత చిన్నదైతే అది సరిపోతుంది, కానీ అరచేతంత జాగాలో చెక్క గీతలు ఎవరు గీస్తారు? పైగా రోజూ తుడిచే చోట పుట్టీ నిలవదు. ఆ ఆలోచన అక్కడే వదిలేశాం.

రెండోది, పాత మైకా మీదే కొత్త షీటు అతికించడం. దీనికోసం వన్‌టౌన్ వెళ్ళాం. ప్లైవుడ్ కొట్లో నాలుగు కేటలాగులు తిరగేశాం. పాత డిజైను దొరకలేదు. ఆ రకం రావడం మానేసి రెండేళ్ళయిందట. షీటు ఎనిమిదడుగులు బై నాలుగడుగులు, ముక్కలుగా అమ్మరు. నాలుగడుగుల గట్టు కోసం మొత్తం షీటు కొనాలి. కింద అల్మరా తలుపులు పాత డిజైనువి, పైన కొత్తది. పాత మైకా నున్నగా ఉంటుంది కాబట్టి మొత్తం గరుకు చేస్తే గానీ కొత్తది పట్టదు. షీటు, బంక, అంచు పట్టీ, కూలీ అన్నీ కలిపి ఐదు వేలు దాటుతోంది. అది కూడా ఫర్వాలేదనుకున్నాను గానీ, వచ్చే అట్లతద్దికి మళ్ళీ ఎవరో ఒకరు మూకుడు పెడితే? ఆ పక్క గట్టు స్టవ్‌కి జానెడు దూరంలో ఉంది. హడావిడిలో చెయ్యి అటే వెళుతుంది.

మూడో దారి అక్కడి నుంచే వచ్చింది. చెయ్యి ఎటూ అక్కడికే వెళుతుంది కాబట్టి, అక్కడ రాయి ఉంచడం. కాలిన భాగం కోసేసి, అదే మందంలో గ్రానైటు పలక దించడం. మేస్త్రీ గారు ఈ మాట అనగానే ఆంటీ మొహం విప్పారింది. “మన గట్టు రంగు రాయే వెయ్యండి, కావాలనే పెట్టించినట్టుంటుంది” అన్నారు.

గొల్లపూడి వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక గ్రానైటు కొట్టులో, పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలు బయట గోడకి ఆనించి ఉన్నాయి. మా స్టవ్ గట్టుది చీమకుర్తి గెలాక్సీ రాయి, నలుపులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. దానికి దగ్గరగా ఉన్న ముక్క ఒకటి దొరికింది. అడుగు బై అడుగు కోయించి, పై అంచు నాలుగు వైపులా పాలిష్ పట్టించి నాలుగు వందలు తీసుకున్నారు. అడుగు ఎందుకంటే మచ్చ, నేను రుద్ది పాడుచేసిన మేర అంతా అందులోకి వచ్చేయాలి, ఇంట్లో పెద్ద మూకుడు కూడా పట్టాలి. మూలలు కోసుగా కాకుండా కాస్త గుండ్రంగా తిప్పించమని మేస్త్రీ గారు ముందే చెప్పి పంపారు. మైకాలో కోసిన రంధ్రానికి మూల పదునుగా ఉంటే, అక్కడి నుంచే కాలక్రమాన సన్నటి పగులు మొదలై బయటికి పాకుతుందట. అందుకే నాలుగు మూలల్లో ముందు డ్రిల్‌తో గుండ్రటి రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోస్తారు.

పని ఒక ఆదివారం పెట్టుకున్నాం. సిలిండర్ రెగ్యులేటర్ తీసేసి, కిటికీలు తెరిచి, గిన్నెలన్నీ హాల్లోకి చేర్చి, గట్టు మీద పేపర్లు పరిచాం. కోసేటప్పుడు మైకా అంచు పెచ్చులు ఊడకుండా గీత వెంట టేపు అతికించి, సన్న పళ్ళ బ్లేడు వేశారు. లేచిన పొడి ఘాటు చాలా ఉంది. మాస్కు పెట్టుకోవాల్సిందే, పాపని కింద ఆంటీ దగ్గర ఉంచాను.

కోసిన ముక్క బయటికి వచ్చాక చూస్తే నా చెంబుడు నీళ్ళ ఫలితం కనిపించింది. పగులు కింద ప్లైవుడ్ పై పొర నల్లబడి ఉంది. అదృష్టం ఏమిటంటే ఆంటీ వాళ్ళు ఆ రోజుల్లో ఖర్చుకి వెనుకాడకుండా 710 మార్కు ప్లైవుడ్ వేయించారు. నీటికి తట్టుకునే రకం అది, అంచు మీద ఐఎస్ 710 అని ముద్ర కూడా కనిపించింది. మామూలు పార్టికల్ బోర్డయితే అప్పటికే బొరుగుల్లా పొంగి ఉండేదని మేస్త్రీ గారన్నారు. కొత్తగా గట్టు చేయించుకునేవాళ్ళు పైన డిజైను కన్నా ముందు ఆ ముద్ర అడగండి.

రంధ్రం చుట్టూ బయటపడ్డ చెక్క అంచుకి రెండు పూతలు వార్నిష్ వేసి, ఆరడానికి మర్నాటి దాకా ఆగాం. ఇది ఎవరూ కనపడదని వదిలేసే పని, కానీ గట్టు ఆయుష్షు అంతా అక్కడే ఉంది. తర్వాత కింది వైపు నుంచి రంధ్రానికి అడ్డంగా రెండు చెక్క పట్టీలు స్క్రూలతో బిగించారు. రాయి బరువంతా వాటి మీదే. పట్టీలకీ రాయికీ మధ్య నాలుగు చోట్ల సిలికాన్ ముద్దలు పెట్టి, రాయిని దించి, స్కేలు అడ్డంగా పెట్టి ఎత్తు సరిచూశారు. రాయికీ చెక్కకీ మధ్య చుట్టూ అగ్గిపుల్ల మందం సందు వదిలారు. బిగుతుగా దించేయొచ్చు కదా అని నేనడిగితే, రాయి వేడికి సాగుతుంది, చెక్క తేమకి ఉబ్బుతుంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటే ముందు పగిలేది మైకాయేనని చెప్పారు. ఆ సందులో నల్ల సిలికాన్ నింపి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒక్కసారి లాగారు. గీత ఎంత నేరుగా వచ్చిందంటే, నేను కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

రెండు పూటల కూలీ, సిలికాన్ ట్యూబు, స్క్రూలు, రాయి అన్నీ కలిపి రెండు వేల మూడు వందలైంది. సిలికాన్ పూర్తిగా గట్టిపడాలని ఒక రోజంతా ఆ పక్క తడి తగలనివ్వలేదు.

రాయి వేశాక కూడా దాని మీద వేడి పెనాన్ని నేరుగా పెట్టడం లేదు. గ్రానైటు మాడదు గానీ వేడిని కిందికి పంపిస్తుంది. కింద ఉన్నది చెక్క పట్టీలు, సిలికాన్. అందుకని రాయి మీద ఎప్పుడూ ఒక ఇనప స్టాండు ఉంచుతున్నాను, మూడు కాళ్ళది, కింద గాలి ఆడేది. అమ్మ అయితే ఊళ్ళో పాతకాలంలో కుండల కింద పెట్టే కుదురు గుర్తుచేసింది. గడ్డితో చుట్టిన ఆ కుదురు ఉన్నన్ని రోజులు ఏ గచ్చూ పాడవలేదంది. ఈసారి వచ్చేటప్పుడు గుడ్డ పేలికలతో తనే గట్టిగా చుట్టిన రెండు కుదుళ్ళు తెచ్చింది. కుక్కర్‌కి, పప్పు గిన్నెకి ఇప్పుడు అవే.

మొన్న అట్లతద్దికి మళ్ళీ పదకొండు, పదకొండు. ఈసారి పాలు ముందే కాచి పెట్టుకున్నాను. అయినా మధ్యలో ఒకసారి పెనం దించాల్సి వచ్చింది, స్టాండు మీద పెట్టాను. తర్వాత గట్టు కింద అల్మరా తలుపు తీసి, వంగి, చెక్క పట్టీల మీద చెయ్యి పెట్టి చూశాను. కాస్త వెచ్చగా ఉన్నాయంతే. ఆంటీ వాయనం అందుకోవడానికి పైకి వచ్చినప్పుడు ఆ రాయి మీద చేత్తో ఒకసారి నిమిరి, “మా కింద గట్టుకి కూడా ఇలాంటిది ఒకటి వేయించాలమ్మా, మేస్త్రీని ఎప్పుడు రమ్మందాం?” అన్నారు.